6నీ 20నీ ఎందుకు గుణించాలి?

మా అమ్మాయికి మధ్య పదం విడగొట్టడం వచ్చు. అంటే మొదటి సంఖ్యనీ చివరి సంఖ్యనీ గుణించి, ఆ లబ్ధం వచ్చేలా, కూడితే మధ్య సంఖ్య వచ్చేలా రెండు సంఖ్యలు వెతికి, మధ్య పదాన్ని ఆ రెండు ముక్కలుగా రాయడం. వర్గ సమాసం ఇస్తే చకచకా కారణాంకాలు తీసేస్తుంది. మొన్న మాత్రం పెన్ను పక్కన పెట్టి, "అసలు మొదటి సంఖ్యనీ చివరి సంఖ్యనీ ఎందుకు గుణిస్తాం నాన్నా? అవి పక్కపక్కన కూడా లేవుగా" అంది. ఆ ప్రశ్న భలే నచ్చింది నాకు. పద్ధతి అందరూ చెప్తారు, ఈ ముక్క ఎవరూ చెప్పరు.

లెక్క ఇది: 6య² + 7య − 20. (ఎక్స్ బదులు య రాస్తున్నాను. భాస్కరాచార్యుడు తెలియని రాశిని యావత్తావత్ అని, పొట్టిగా యా అని రాశాడు కదా, ఆ ధైర్యం.)

వెనక నుంచి రమ్మన్నాను. జవాబు (2య + 5)(3య − 4)ని విప్పితే 6య² − 8య + 15య − 20. మధ్యలో −8 ఎలా వచ్చింది? 2, −4 గుణిస్తే. 15? 5, 3 గుణిస్తే. ఇప్పుడు చివర్లు చూడు. 6లో ఉన్నవి 2, 3. −20లో ఉన్నవి 5, −4. అవే నాలుగు సంఖ్యలు, జతలే మారాయి! అందుకే మధ్య ముక్కల లబ్ధం, చివర్ల లబ్ధం రెండూ −120. 7యలో కలిసిపోయిన ఆ రెండు ముక్కల్ని మళ్లీ పట్టుకోవడమే మన పని.

లబ్ధం −120 కాబట్టి ఒకటి ధనం, ఒకటి రుణం; అంటే గుర్తులు వదిలేస్తే తేడా 7 రావాలి. వెతకడం 7తో మొదలుపెడితే దండగ. తేడా 7 వచ్చే జతలకి అంతే లేదు. 120 నుంచి మొదలుపెట్టాలి. పైగా 7 బేసి సంఖ్య, కాబట్టి జతలో ఒకటి బేసి కావాల్సిందే. 120కి బేసి కారణాంకాలు 1, 3, 5, 15. వాటి జోడీలు 120, 40, 24, 8. తేడా 7 ఉన్నది 15, 8 ఒక్కటే, గుర్తులతో 15, −8. ఏది ముందు రాసినా ఫర్వాలేదు, జవాబు అదే వస్తుంది.

అసలు వెతక్కుండా కూడా పట్టొచ్చు. 7 వర్గం 49, దాన్నుంచి −120కి నాలుగు రెట్లు తీసేస్తే 529, అంటే 23 వర్గం. 7కి 23 కలిపి సగం చేస్తే 15. 7లోంచి 23 తీసేసి సగం చేస్తే −8.

"ఇది తొండి" అంది మా అమ్మాయి.

కానీ ఆ తర్వాత య² + 5య + 3 ఇస్తే తొండే చేసింది. 25లోంచి 12 పోతే 13, అది ఏ పూర్ణాంకానికీ వర్గం కాదు. జత లేదని రాసేసి పేజీ తిప్పింది.