ఫోన్ తర్వాత తీద్దాం, ముందు కథ చెప్పించండి

డిజిటల్ స్టోరీటెల్లింగ్, అంటే సొంత కథని ఫొటోలు, గొంతు కలిపి చిన్న వీడియోగా చెప్పడం, క్లాసులో చేయిస్తున్నా అని చెప్తే చాలు, తోటి టీచర్లు అడిగే మొదటి ప్రశ్న ఏ యాప్ మేడం అనే. యాప్ ఏదైనా పర్లేదండి, నిజంగానే. ఫొటోలు వరసగా పెట్టి వాటి మీద మన గొంతు రికార్డు చేయగలిగితే చాలు, అది ఇప్పుడు మామూలు ఫోన్‌లో కూడా అయిపోతుంది. అసలు పనంతా ఫోన్ బయటికి తీయకముందే జరగాలి, నేను గట్టిగా నమ్మేది ఇదే.

ఈ పద్ధతి పుట్టింది కూడా అలాగే. 1990ల్లో కాలిఫోర్నియాలో డానా ఆచ్లీ, జో లాంబర్ట్ వాళ్ళు మామూలు జనాన్ని కూర్చోబెట్టి రెండుమూడు నిమిషాల సొంత కథలు వీడియోలుగా చేయించేవాళ్ళు. వాళ్ళ వర్క్‌షాప్‌లో ముందు ఉండేది స్టోరీ సర్కిల్, అంటే అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరి కథ వాళ్ళు నోటితో చెప్పడం, మిగతావాళ్ళు వినడం. ఎడిటింగ్ ఆ తర్వాతే. మంచి కథకి ఏడు అంశాలు చెప్తారు వాళ్ళు, అందులో నేను క్లాసులో వదలకుండా పట్టుకునేవి చెప్పేవాళ్ళ సొంత చూపు, కథ తేల్చాల్సిన ఒక ప్రశ్న, సొంత గొంతు, మాటల్లో పొదుపు.

నేను బెంగళూరులో మహదేవపుర వైపు ఒక ఇంగ్లీష్ మీడియం స్కూల్లో ఎనిమిదో క్లాసుకి సోషల్ చెప్తాను. ఊరికి నీళ్ళెక్కడివి అనే టాపిక్ తీసుకున్నాం. 1894లో హెసరఘట్ట నుంచి పైపు నీళ్ళొచ్చాయి, 1974లో కావేరి మొదటి దశ వచ్చింది, ఆ నీళ్ళని దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అది కూడా 500 మీటర్ల దాకా ఎత్తుకి పంపు చేసి తెస్తారు, ఇవన్నీ బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుని పరీక్ష అయ్యాక మర్చిపోతారు. అదే మీ ఇంటి నీళ్ళ కథ రెండు నిమిషాల్లో చెప్పండిరా అంటే 2024 ఎండాకాలం ట్యాంకర్ కోసం కాచుకున్న రోజులు ప్రతి ఒక్కళ్ళకీ గుర్తొస్తాయి, ఇంక మాటలు ఆగవు.

ఒక అబ్బాయి గురించి చెప్పాలి. వాళ్ళది కోలార్ వైపు, ఇంట్లో తెలుగే, కానీ తెలుగు అక్షరాలు రావు, అందుకని తెలుగు మాటల్నే కన్నడ లిపిలో రాసుకొచ్చాడు. మొదటి డ్రాఫ్ట్ నీరు మనకు ప్రాణాధారం అంటూ వ్యాసంలా నడిచింది. మధ్యలో ఎక్కడో ఒక లైను, బెంగళూరులో మనం వాడి పారబోసిన నీళ్ళని శుద్ధి చేసి మా అవ్వ వాళ్ళ ఊరి చెరువుకి పంపిస్తారు అని. అది నిజమే, కేసీ వ్యాలీ ప్రాజెక్టు, 2018 నుంచి కోలార్ చెరువులు నింపుతోంది, భూగర్భ జలాలు పెరగాలని. సర్కిల్‌లో ఆ లైను దగ్గరే ఒక అమ్మాయి ఆపి మరి మీ అవ్వ ఏమంటుంది అని అడిగింది. వీడికి తెలీదు. ఆ రాత్రి ఫోన్ చేసి అడిగాడంట. బోరులో నీళ్ళొచ్చినాయి రా, కానీ ఆ చెరువు నీళ్ళు నేను ముట్టను అందంట అవ్వ.

అంతే, ప్రాణాధారం పేరా మొత్తం వాడే కొట్టేశాడు. అవ్వ ఎందుకు ముట్టదు అన్నదే వాడి ప్రశ్నయింది, దానికోసం మురికి నీళ్ళకి చేసే రెండో దశ శుద్ధి అంటే ఏంటి, మూడో దశలో అదనంగా ఏం తీస్తారు, మన బెళ్ళందూరు చెరువులో నురగకీ సబ్బు నీళ్ళకీ సంబంధమేంటి అని వాడంతట వాడే వెతుక్కున్నాడు. నేను ఒక పీరియడంతా అరిచినా ఇంత ఎక్కేది కాదు. గొంతు రికార్డు చేసేటప్పుడు తెలుగులోనే చెప్పనిచ్చాను, కింద ఇంగ్లీష్‌లో రెండు ముక్కలు వేశాడు. ఇంగ్లీష్‌లో చదివితే తడబడే పిల్లోడు ఇంటి భాషలో అంత ధీమాగా మాట్లాడుతుంటే క్లాసంతా అలా వింటూ ఉండిపోయింది, ఈ ఒక్కదానికోసమైనా టీచర్లు భాష విషయంలో పట్టు సడలించాలి.

మ్యూజిక్ విషయానికొస్తే సినిమా పాటలు వద్దంటాను. కాపీరైట్ గొడవ ఒకటి, పైగా పాట వచ్చిందంటే పిల్లల గొంతు మునిగిపోతుంది. వీడు మోటార్ చప్పుడు, బిందె నిండే చప్పుడు పెట్టాడు, చాలా బాగుంది. బొమ్మలు గీయలేని చిన్న క్లాసులకి మన బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో పెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది, అందులో ఓపెన్ లైసెన్స్ బొమ్మలు, తెలుగు కథలు దొరుకుతాయి, గీసినవాళ్ళ పేరు వేసి వాడుకోవచ్చు.

మార్కులు ఎక్కువ భాగం స్క్రిప్టుకీ, ఎంత తిరగరాశారు అన్నదానికీ ఇస్తాను, ఎడిటింగ్‌కి కొంచెమే, లేకపోతే ఇంట్లో మంచి ఫోన్ ఉన్నవాళ్ళకే మార్కులు పడతాయి. ఫోన్ లేనివాళ్ళు నా ఫోన్‌లో లంచ్ టైంలో రికార్డు చేసుకుంటారు. ఇంకోటి, వీడియోలో ఎవరి ఫొటో పెట్టినా, అవ్వదైనా సరే, అడిగి పెట్టాలి, అది మా క్లాసులో రూలు.