ఎడమ షూ ముందు చిరుగుతుంది

మాది సూళ్లూరుపేట. కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీకి వచ్చి ఆరేళ్లయింది. మా ఆయనది ఇర్వైన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకు హెచ్-4 మీద, అంటే భార్యాభర్తలకిచ్చే వీసా మీద, పని చేసుకునే కార్డు చేతికి రావడానికే మూడేళ్లు పట్టింది, అన్నాళ్లూ ఇంట్లో కూర్చుని కూర్చుని ఎంత విసుగెత్తిపోయానంటే, కార్డు వచ్చిన వారానికే ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న స్కేట్‌బోర్డ్ షాపులో చేరిపోయాను. "ఎమ్మెస్సీ చదివి అక్కడ బూట్లమ్ముతావా తల్లీ" అని అమ్మ ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ షాపులో నేను నేర్చుకున్నది తక్కువ కాదు, అది చెబుదామనే ఇదంతా రాస్తున్నాను.

చేరిన రెండో వారం ఒక 14 ఏళ్ల అబ్బాయి వచ్చి షూ కౌంటర్ మీద పెట్టాడు. కొని పదిహేను రోజులే, బిల్లు కూడా ఉంది. ఎడమ షూకి చిటికెన వేలి పక్కన వేలు దూరేంత చిల్లు. కుడిది మాత్రం కొత్తదానిలా ఉంది. సరుకు బాగాలేదేమో అనుకుని సారీ చెప్పి కొత్త జత ఇచ్చేశాను. సాయంత్రం మేనేజర్‌కి తెలిసింది. నా జీతంలో కోత పడుతుందేమోనని ఒకటే టెన్షన్. ఆయన కేకలేమీ వేయలేదు. షాపులో పనిచేసే కుర్రాణ్ని పిలిచి, ఈమెని వెనక పార్కింగ్‌లోకి తీసుకెళ్లి ఆలీ, అంటే బోర్డుతో సహా ఎగరడం, ఎలా కొడతారో చూపించు అన్నాడు.

అప్పటిదాకా బోర్డు మీద నిలబడి జారడమే ఆట అనుకున్నాను. ఆ కుర్రాడు వెనక కాలితో బోర్డు తోకని నేలకేసి కొట్టాడు, అదే క్షణంలో ముందు కాలిని పక్కకి వంచి బోర్డు పైకంటా రుద్దుకుంటూ లాగాడు, అంతే, బోర్డు అతని కాళ్లకి అతుక్కున్నట్టుగా గాల్లోకి లేచింది. చేతులతో పట్టుకోలేదు. బోర్డు పైన అంటించే గ్రిప్ టేప్ ఉప్పు కాగితంలా గరుకుగా ఉంటుంది, కాలు జారకుండా. ప్రతిసారీ ముందు కాలి షూ దాని మీద రాసుకుంటుంది. పిల్లలు రోజుకి వందసార్లు కొడతారు. ఎడమ కాలు ముందు పెట్టి నిలబడేవాళ్లకి ఎడమ షూ చిరుగుతుంది, కుడి కాలు ముందు పెట్టేవాళ్లకి కుడిది. చిరిగేది ఎప్పుడూ అదే చోట. లేసులు కూడా అక్కడే తెగుతాయి.

ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ అనే కుర్రాడు 1970ల చివర్లో గుండ్రటి కాంక్రీట్ గోడల మీద ఈ ఆలీ మొదలుపెట్టాడు, 1982లో రాడ్నీ ముల్లెన్ దాన్ని చదునైన నేల మీద చేసి చూపించాడు. నా లెక్కలో ఈ షూస్ చరిత్ర అక్కడ రెండుగా చీలుతుంది. అంతకు ముందు వాళ్లకి కావలసింది జారని అడుగు ఒక్కటే. ఆ తర్వాత పైభాగం కూడా తట్టుకోవాల్సి వచ్చింది.

బోర్డు మీద ఆడేవాళ్ల కోసమని మొదట షూ చేసింది మసాచుసెట్స్‌లోని రాండాల్ఫ్ రబ్బర్ కంపెనీ, 1965లో, రాండీ 720 అన్న పేరుతో. ఆ కంపెనీలోనే, అంతకు చాలా ఏళ్ల ముందు, చదువు మధ్యలో ఆపేసిన పాల్ వాన్ డోరెన్ అనే అబ్బాయి పనిలో చేరి, నేల ఊడ్చే దగ్గర్నుంచి పైకి వచ్చాడు. తర్వాత బయటికొచ్చి తమ్ముడు జిమ్, ఇంకో ఇద్దరు భాగస్వాములతో 1966 మార్చి 16న అనహైమ్‌లో సొంతంగా ఫ్యాక్టరీ, దాని ముందే షాపు తెరిచాడు. ఈ రోజు వాన్స్ అంటున్న షూ కంపెనీ అదే. మొదటి రోజు 12 మంది వచ్చారు. పొద్దున నచ్చిన రకం చెబితే అదే రోజు కుట్టి మధ్యాహ్నం ఇచ్చారట. తీరా డబ్బు తీసుకోబోతే గల్లాలో చిల్లర లేదు. షూస్ పట్టుకెళ్లండి, డబ్బు తర్వాత ఇవ్వండి అని పంపేశారు, 12 మందీ తిరిగొచ్చి కట్టారు. ఈ కథ విన్నప్పుడు మా ఊళ్లో నాన్న కిరాణా కొట్టు ఖాతా పుస్తకం కళ్ల ముందు కనపడింది. అనహైమ్ ఇక్కడికి అరగంట కూడా లేదు. ఒక ఆదివారం ఈస్ట్ బ్రాడ్‌వే మీదుగా వెళ్తూ ఇక్కడేగా అనుకుని కారు నెమ్మది చేశాను.

వాళ్ల మొదటి సోల్ మీద వజ్రాల గళ్ల గీత ఉండేది. వేళ్ల కింద, కాలు వంగే చోట, రబ్బరు పగలడం మొదలైంది. అక్కడ నిలువు గీతలు కలిపారు. దాంతో ఇప్పుడు అందరూ వాఫుల్ సోల్ అంటున్న రూపం వచ్చింది. ఆ గళ్ల రబ్బరు బోర్డుని పట్టుకున్నట్టు ఇంకేదీ పట్టుకోదని 1970ల్లో లాస్ ఏంజిలస్ తీరంలోని శాంటా మోనికా, వెనిస్ పిల్లలు కనిపెట్టారు. 1976–77 కరువులో ఇళ్లలో ఎండిపోయిన ఈతకొలనుల్లోకి దూరి ఆడింది వీళ్లే. వాళ్లలో ఇద్దరు, టోనీ ఆల్వా, స్టేసీ పెరాల్టా చెప్పిన మార్పులతో 1976లో ఎరా అనే షూ వచ్చింది, మడమ చుట్టూ మెత్తటి అంచు పెట్టి. మరుసటి ఏడాది ఓల్డ్ స్కూల్ అనే షూలో త్వరగా అరిగే చోట్ల తోలు ముక్కలు వేశారు. 1978లో స్కేట్-హై, బోర్డు ఎగిరొచ్చి చీలమండ ఎముకకి తగలకుండా. ఒక కాలిదే చిరిగిందని వచ్చిన పిల్లలకి ఆ రోజుల్లో ఒక్క షూ కూడా అమ్మేవాళ్లట. నేను కొత్త జత ఇచ్చేసిన అబ్బాయికి అసలు కావలసింది అదే కదా.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం హాఫ్ క్యాబ్. 1989లో స్టీవ్ కబాలెరో అనే స్కేటర్ పేరుతో వాన్స్ వాళ్లు ఎత్తైన షూ తెచ్చారు. వీధుల్లో ఆడే పిల్లలకి ఆ ఎత్తు అడ్డొచ్చింది. కత్తెర తీసుకుని పైభాగం కోసేసి అంచుకి టేపు చుట్టేసుకున్నారు. కబాలెరో అది చూసి కోపం తెచ్చుకోలేదు. కంపెనీకి చెప్పి 1992లో ఆ కోసిన ఎత్తులోనే షూ తెప్పించాడు. ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉంది. ఒక వస్తువుని వాడేవాడి మాటకి ఇంత విలువ ఇచ్చిన సందర్భాలు నేనైతే ఎక్కువ చూడలేదు.

తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను. 1990ల్లో మెట్ల మీంచి దూకడం పెరిగి షూస్ లావయ్యాయి, స్వయంగా స్కేటర్ అయిన ఫ్రాన్స్ మనిషి పియెర్ ఆండ్రే ఎట్నీస్ అనే షూ కంపెనీని నడిపాడు, 1994లో డీసీ అనే కంపెనీ వచ్చింది, 2000 ప్రాంతంలో ఓసిరిస్ డీ3 అనే షూ అయితే దిండులా ఉండేది. 2002లో నైకీ కంపెనీ ఎస్బీ పేరుతో ఈ షూస్‌లోకి దిగింది. 2009లో వాళ్ల జానోస్కీ షూ వచ్చే నాటికి మళ్లీ పల్చటి సోల్ ఫ్యాషన్. షాపులో ఇప్పటికీ రోజూ ఇదే ప్రశ్న, వల్కా, కప్పా? వల్క్ అంటే గుడ్డకి రబ్బరు పట్టీ చుట్టి పొయ్యిలో ఉడికించింది, పల్చగా ఉండి కాలికి బోర్డు తెలుస్తుంది. కప్ అంటే గిన్నెలా పోతపోసిన సోల్‌లో పైభాగాన్ని కూర్చోబెట్టింది, దూకినప్పుడు మడమని కాపాడుతుంది. ఎక్కడ ఆడతావు, ఎంత ఎత్తు నుంచి దూకుతావు అని అడక్కుండా నేను ఎవరికీ షూ చూపించను.

ఇవన్నీ నాకు నేర్పింది మా షాపులో సర్దే పని చేసే మెక్సికో పెద్దావిడ. నేను సెన్యోరా అంటాను, ఆవిడ నన్ను మిహా అంటుంది, బిడ్డా అని అర్థం. ఇక్కడే ఒక షూ ఫ్యాక్టరీలో పైభాగాలు కుట్టే మిషన్ మీద 17 ఏళ్లు పనిచేసింది. 1984లో వాన్స్ దివాలా దాకా వెళ్లి అప్పులన్నీ తీర్చి నిలబడింది, కానీ చౌకగా చేసే దేశాలకి పని తరలిపోవడం ఎవరి వల్లా ఆగలేదు. 1995లో ఆరెంజ్‌లోని వాళ్ల ఫ్యాక్టరీ, 1998లో విస్టాలోది మూతపడ్డాయి. సెన్యోరా పనిచేసిన చోటూ ఆ కాలంలోనే మూసేశారు. ఆఖరి రోజు తన మిషన్ సూది ఊడదీసి ఇంటికి తెచ్చుకుందట. ఇప్పటికీ పర్సులో ఉంది, నాకు చూపించింది.

పని తరలిన దారిలో ఒకటి మా ఇంటి ముందుకే వచ్చింది. తడ దగ్గర మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ షూస్ చేస్తారు. మా చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు ఎంతమందో కంపెనీ బస్సెక్కి వెళ్తారు. మా చిన్నాన్న కూతురు అక్కడ కుట్టు లైన్‌లోనే ఉంది. ఇంటర్ తర్వాత చేరింది, తమ్ముడి చదువు దాని జీతంతోనే నడుస్తోంది. మా ఇంట్లో ఆ ఉద్యోగాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు, నేను కూడా ఇక్కడికొచ్చేదాకా దాన్ని ఒక్కసారి కూడా పని గురించి అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పోయిన శనివారం రాత్రి షాపు కట్టేశాక దానికి వీడియో కాల్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున తొమ్మిది, సెలవు. ఒక కుర్రాడు పారేయమని వదిలేసిన చిరిగిన షూ కెమెరా దగ్గర పెట్టాను.

"ఏందక్కా, ఎట్టా వాడినారు దీన్ని?"

ఆలీ గురించి చెప్పాను. అది నవ్వలేదు. షూని పక్కకి తిప్పమంది, ఇంకా దగ్గరికి పెట్టమంది.

"చిల్లు పడింది తర్వాతక్కా. ముందు కుట్టు పోయింది చూడు, దారం పైకి తేలి ఉంది, అందుకని రాసుకుంది. ఆ వరస కొంచెం వెనక్కి వేసుంటే ఇంకో నెల వచ్చుండేది."

సెన్యోరా అప్పటికే బ్యాగు తగిలించుకుని వెళ్లబోతూ నా వెనక ఆగింది. తెలుగు ముక్క అర్థం కాదు కదా, ఫోన్‌లో అమ్మాయి వేలు ఎటు చూపిస్తోందో మాత్రం చూసింది. కళ్లజోడు పెట్టుకుని, నా చేతిలోంచి షూ తీసుకుని, అదే కుట్టు మీద బొటనవేలు పెట్టి, వెనక్కి ఇంత, అన్నట్టు రెండు వేళ్ల మధ్య సందు చూపించింది.

"ఆవిడ ఎవరక్కా? లైన్‌లో చేసిందా?" అంది మా చెల్లి. ఫోన్ సెన్యోరా చేతికిచ్చాను.