నాలుగు స్పేసులు పెడితే సరిపోదు

ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం మా రిపోర్టు ప్రోగ్రాములోని ఆ ఒక్క లైను కళ్ళముందు నుంచి పోవట్లేదు. ట్యాబ్ కనిపించిన చోటల్లా తీసేసి నాలుగు స్పేసులు పెట్టే రిప్లేస్ అది. "అయిపోయిందిగా, ఇంకేంటండీ" అన్నాడు అది రాసిన అబ్బాయి. ఎక్కడ అయింది? రిపోర్టులో ఒక్క అంకె కూడా పై అంకె కింద లేదు.

ట్యాబ్‌కి ఇన్ని స్పేసులని లెక్కేం లేదు. తర్వాతి స్టాప్ దాకా, అంటే ముందే పెట్టుకున్న ఆగే చోటు దాకా, జరగడమే దాని పని. నాలుగు గళ్ళకో స్టాప్ ఉంటే, ఒక్క అక్షరం తర్వాత వచ్చిన ట్యాబ్ మూడు స్పేసులవుతుంది, మూడక్షరాల తర్వాత ఒకటే. సరిగ్గా స్టాప్ దగ్గర వస్తేనే నాలుగు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఎక్స్‌పాండ్‌ట్యాబ్స్ అనే ఫంక్షన్ ఈ లెక్కంతా తనే చూసుకుంటుంది, కొత్త లైను రాగానే మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడుతుంది. మనమేం చెప్పకపోతే 8 గళ్ళకో స్టాప్ అనుకుంటుంది. ఇంత సదుపాయం ఉండగా ఆ రిప్లేస్ దేనికి?

నాన్న టైపు మిషను గుర్తొచ్చింది. జాబితా ఏదైనా కొట్టాలంటే ముందు స్టాపులు పెట్టుకోవడానికే బోలెడు సేపు పట్టేది. కాగితం మీద స్కేలుతో కొలిచి పెన్సిల్ చుక్కలు పెట్టుకునేవారు. ట్యాబ్ నొక్కితే క్యారేజీ సర్రున జరిగి టక్కున ఆగేది. పేరు పొట్టిదైనా పొడుగైనా అంకెలు మాత్రం అదే చోట పడేవి. పని అయ్యాక ఖాళీ కాగితం ఎక్కించి నన్ను కాసేపు నొక్కనిచ్చేవారు. ఆ టక్కు కోసమే పక్కన కాచుకుని ఉండేదాన్ని.

ఇదంతా రాస్తుంటే ఇంకోటి తడుతోంది. ఫైలు చదవగానే ట్యాబులన్నీ స్పేసులు చేసెయ్యాలని పొద్దున్నుంచీ నా వాదన. కానీ ఆ ఫైల్లో కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య హద్దు ట్యాబే కదా! అది ఇంటిపేరు పక్కనుండే స్పేసుల్లో కలిసిపోతే మళ్ళీ విడదీసేదెలా? ప్రోగ్రాముని తయారుచేసే కమాండ్లు రాసుకునే మేక్‌ఫైల్ సంగతి సరేసరి. కమాండు ముందు ట్యాబ్ బదులు స్పేసులుంటే 'మిస్సింగ్ సెపరేటర్' అని అక్కడే ఆగిపోతుంది. చదివిన స్ట్రింగ్‌ని, అంటే ఆ అక్షరాల వరుసని, ఉన్నదున్నట్టు ఉంచి, తెర మీద చూపించేటప్పుడే మార్చడం మేలు.

అప్పటికీ తెలుగు పేర్లున్న వరుసలు కుదరవు. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. ఎక్స్‌పాండ్‌ట్యాబ్స్‌కి మాత్రం ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. స్టాప్ 8 దగ్గరుంటే రెండే స్పేసులు వేసి ఊరుకుంటుంది. వెడల్పు కొలిచే ఫంక్షన్ విడిగా రాసుకోవాలి. రేపు ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఇదే చూడాలి. ఆ రిప్లేస్ లైను మాత్రం ఉండటానికి వీల్లేదు.