జాకెట్ల మీద ప్యాచ్‌లు: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

జూన్

నా దగ్గర రెండు జాకెట్లున్నాయి, వాటి మీద బొమ్మ కుట్టిన ప్యాచ్‌లు పెట్టుకోవాలని. ఒకటి పాత డెనిమ్‌ది, రెండోది బండి మీద వేసుకునే నైలాన్ మెష్ (వలలాంటి గుడ్డ) జాకెట్. చాలామంది ముందు బొమ్మ ఎంచుకుని, అది ఇంటికొచ్చాక ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. నేను జాకెట్లను లోపలివైపు తిప్పి మొదలుపెట్టాను. ఏం గుడ్డ, లైనింగ్ ఎక్కడ విడిగా ఉంది, జేబు సంచి ఎంత కిందికి దిగింది అని చూసి సుద్దముక్కతో గీతలు గీసుకున్నాను. ఇస్త్రీతో అంటించాలా, కుట్టాలా, వెల్క్రో పెట్టాలా అన్నది గుడ్డను బట్టి తేలుతుంది. బొమ్మ సంగతి ఆ తర్వాతే.

కొలతలకి పాత క్యాలెండర్ అట్ట చాలు. గుండ్రంగా కత్తిరించి పిన్నీసుతో పెట్టి, జాకెట్ వేసుకుని అద్దం ముందు నిలబడాలి. బల్ల మీద పరిస్తే బాగున్న సైజు ఒంటి మీదకొచ్చేసరికి చంక కిందికి జారిపోతుంది. ఛాతీకి 80 మిల్లీమీటర్లు, వీపుకి 250 దగ్గర ఆగాను. వీపు ప్యాచ్ భుజాల అడ్డకుట్టు మీదికి ఎక్కకూడదు, ఎక్కితే చేతులు ముందుకు చాచినప్పుడల్లా మడత పడుతుంది.

జులై

బొమ్మలు రెండూ మా విజయనగరానివే: ఛాతీకి సిరిమాను, వీపుకి గంటస్తంభం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసినవాళ్లకి ఆ వాలుగీత ఒక్కటి చాలు, ఇంకేం రాయక్కర్లేదు. గుండ్రటి ప్యాచ్‌లో ఏటవాలుగా మాను, కొసన పూజారి కూర్చున్న ఆకారం, అంతే. కింద జనాన్ని కూడా పెడదామన్నాడు మా తమ్ముడు. 80 మిల్లీమీటర్లలో జనాన్ని పెడితే ఆవాలు చల్లినట్టుంటుంది. వద్దన్నాను.

అసలు తిప్పలు అక్షరాలతోనే. ఇంగ్లీషు పెద్దక్షరాలు 5, 6 మిల్లీమీటర్ల ఎత్తున్నా ఎంబ్రాయిడరీలో చదవొచ్చు. మన అక్షరాలకి అది చాలదు. ‘గంటస్తంభం’ అని రాసి చూడండి: ‘స్త’ కింద వేలాడే ఒత్తు, ‘భ’ కింద చిన్న గీత, రెండు సున్నాలు. మామూలు 40 నంబరు దారంతో కుడితే మిల్లీమీటరు కంటే సన్నని గీత సరిగ్గా నిలబడదు. సున్నా లోపలి ఖాళీ దారంతో పూడిపోయి బొట్టుబిళ్ల అవుతుంది. అందుకని అక్షరం ఎత్తు, ఒత్తులు కాకుండా, 12 మిల్లీమీటర్లు పెట్టించాను. ఒత్తులకి కింద ఇంకో 6 వదిలాం. చిన్న అక్షరాలు తప్పదనుకుంటే 60 నంబరు సన్నదారం, దానికి తగ్గ సన్నసూది వాడొచ్చు. లేదా ఎంబ్రాయిడరీ మానేసి నేసిన ప్యాచ్‌కి వెళ్లాలి. అందులో బొమ్మ గుడ్డతోపాటే నేతలో వస్తుంది కాబట్టి సన్నగీతలు తేటగా ఉంటాయి, కానీ పైకి ఉబ్బెత్తుగా కనబడదు. డెనిమ్ మీద నాకు ఆ ఉబ్బే కావాలి.

ఎవరితో చేయించాలి? ఆన్‌లైన్‌లో ఇచ్చేవాళ్లు ఒకటీ రెండూ అంటే ముక్కకి గట్టిగా లాగుతారు. మన ఊళ్లో ఆడవాళ్ల బ్లౌజు ముక్కల మీద కంప్యూటర్ వర్క్ చేసే షాపులున్నాయి కదా, అదే మిషన్ ఇదీ కుడుతుంది. మూడు లాంతర్ల కూడలి దగ్గర్లో ఒకాయన్ని అడిగితే, “డీఎస్‌టీ ఫైలు తెస్తే కుట్టేస్తాను తమ్ముడూ, బొమ్మ తెస్తే మాత్రం డిజిటైజింగ్‌కి వేరే పడుద్ది” అన్నాడు. డీఎస్‌టీ అంటే ఎంబ్రాయిడరీ మిషన్ చదివే కుట్ల ఫైలు, బొమ్మని అలా మార్చడమే డిజిటైజింగ్. ఆయన అడిగింది న్యాయమే. ఏ గీతకి ఏ కుట్టు, ఏ దిక్కున, ఎంత దగ్గరగా అన్నది ఒక మనిషి కూర్చుని తేల్చాల్సిన పని. ఆ ఖర్చు ఒక్కసారే, ఫైలు అడిగి మన దగ్గర పెట్టుకోవాలి.

అడుగుగుడ్డ పొందూరు ఖద్దరు పెడితే ఎలా ఉంటుందని కూడా అడిగాను. ఆయన ముక్కను వెలుతురుకి పట్టి చూసి నవ్వాడు. అంత సన్నని నేత మీద దట్టంగా కుట్టు పడితే చుట్టూ ముడుచుకుపోతుంది. ఏటవాలు నేత ఉన్న మందపాటి ట్విల్ గుడ్డే తీసుకున్నాం, వెనక గట్టి పేపర్ వేసి.

అంచు విషయం. గుండ్రం, కోడిగుడ్డు ఆకారం లాంటి సాదావాటికి చుట్టూ తాడులా లావుగా వచ్చే మెర్రో అంచు బాగుంటుంది. అంచుని చుట్టి కుట్టే ఆ ఓవర్‌లాక్ మిషన్లు చేసే అమెరికా కంపెనీ పేరే దానికి నిలిచిపోయింది. లోపలికి మెలికలు తిరిగిన ఆకారానికి అది కుదరదు, కాల్చి కోసిన అంచు పెట్టుకోవాలి. షాపులో మెర్రో మిషన్ లేదు. దారాలు పక్కపక్కనే ఆనుకుని పడే దట్టమైన శాటిన్ కుట్టుతో అంచు వేయించాను, సరిపోయింది.

ఆగస్టు

డెనిమ్ పని అయింది. జాకెట్‌ని ముందే ఉతికి ఆరేశాను, ప్యాచ్ పెట్టాక గుడ్డ కుంచించుకుంటే చుట్టూ ముడతలు పడతాయి. వెనక జిగురు ఉన్న ప్యాచే తీసుకున్నాను, అయితే జిగురు కుట్టేటప్పుడు కదలకుండా ఉండటానికి మాత్రమే. ఇస్త్రీపెట్టె కాటన్ వేడిమీద, ఆవిరి ఆపేసి, పైన పాత పంచె ముక్క వేసి 20 నుంచి 30 సెకన్లు అదిమిపట్టాలి. రుద్దకూడదు, రుద్దితే ప్యాచ్ పక్కకి జరుగుతుంది. తిప్పి వెనకనుంచి ఇంకోసారి. పూర్తిగా చల్లారేదాకా అంచు లాగి చూడొద్దు. జిగురు ఒక్కదాన్నే నమ్మితే మే నెల ఎండలో సీటు మీద పడేసిన జాకెట్‌కి అంచులు లేస్తాయి.

కుట్టడానికి దర్జీ తాత దగ్గరికి వెళ్తే వీపు ప్యాచ్ పట్టుకుని వంచి చూసి, “ఏటి బాబూ, ఈ మందం మీద నా మిషన్ తొక్కీమంటావేటి? సూది ఇరిగిపోద్ది” అన్నాడు. లావుపాటి డెనిమ్ సూది, 100/16 సైజుది ఉంటే మిషన్ మీద వెళ్తుంది. ఆయన దగ్గర లేదు. చేత్తోనే కుట్టాను. పాలియెస్టర్ దారం రెండు పోగులు, బారెడు కంటే పొడవు వద్దు, కొవ్వొత్తికి ఒకసారి రాస్తే మెలిపడదు. ముడి ప్యాచ్‌కీ గుడ్డకీ మధ్యన దాచాలి. సూది లోపలినుంచి అంచుకుట్టుకి సరిగ్గా లోపలి వారన పైకొచ్చి, అంచు మీదుగా దాటి, బయట డెనిమ్‌లో నిలువుగా దిగాలి. కుట్టుకీ కుట్టుకీ 3 మిల్లీమీటర్లు. దారం అంచు రంగుదే అయితే కుట్టు కనబడదు. ముందు నాలుగు వైపులా ఒక్కో కుట్టు వేసుకుంటే చివరికి వంకర రాదు. వేలికి తొడుగు లేకుండా మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

సెప్టెంబర్

రైడింగ్ జాకెట్‌కి ఇస్త్రీ మాటే లేదు. నైలాన్ ఆ వేడికి కరుగుతుంది. మెష్ మీద పెడితే గాలి ఆగిపోతుంది, కాబట్టి మెష్ లేని ముక్కల మీదే చోటు వెతకాలి. మెరిసే పట్టీలు అసలు కప్పకూడదు. సాలూరు ఘాట్‌లో పొగమంచు దిగినప్పుడు వెనక లారీవాడికి మనం కనబడేది వాటివల్లే. లోపల వాననీరు ఆపే పొర కుట్టి ఉంటే సూది దాంట్లోకి దిగనివ్వొద్దు, ప్రతి రంధ్రం నీటికి దారే. నా జాకెట్‌లో ఆ పొర విడిగా ఊడొస్తుంది కాబట్టి బతికిపోయాను. మోచేతి ప్యాడ్ పెట్టే జేబు లోంచి చెయ్యి దూర్చి, పైగుడ్డ ఒక్కదాన్నే పట్టుకుని కుట్టుకుంటూ పోయాను. నాలుగు కుట్లకొకసారి ప్యాడ్ పెట్టి తీసి చూసుకోవాలి, లేకపోతే జేబు మూసుకుపోతుంది.

కుట్టింది ప్యాచ్ కాదు, వెల్క్రో. మెత్తటి నూగు ఉన్న ముక్క జాకెట్‌కి, కొక్కేల ముక్క ప్యాచ్ వెనక. తిరగేసి పెడితే ప్యాచ్ తీసిన రోజున ఆ కొక్కేలు చున్నీలూ స్వెట్టర్లూ పట్టుకుని లాగుతాయి. స్విట్జర్లాండ్‌లో జార్జ్ డి మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకి అంటుకున్న ముళ్లకాయల్ని చూసి కనిపెట్టినదే ఈ వెల్క్రో. మన పొలంగట్ల మీద ఉత్తరేణి చేసే పనీ అదే. ఉతికేటప్పుడు ప్యాచ్ తీసేయొచ్చు, ఊరు మారితే బొమ్మ మార్చొచ్చు. బండి జాకెట్‌కి నా ఓటు దీనికే.

తోలు జాకెట్ గురించి ఒక స్నేహితుడు అడిగాడు. తోలుకి పడిన రంధ్రం మళ్లీ పూడదు, పిన్నీసులు కూడా గుచ్చొద్దు, క్లిప్పులు పెట్టుకోవాలి. మూడు పలకల మొన ఉన్న తోలు సూది కావాలి. చెప్పులు కుట్టేవాళ్లకి ఇచ్చేయమన్నాను.

మిగిలింది చేతి ప్యాచ్. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వలసొచ్చే గూడబాతు పక్షి బొమ్మ గీసి పెట్టుకున్నాను. ముక్కు కింద సంచి మీద గీతలు మరీ సన్నం, ఎంబ్రాయిడరీలో పోతాయి. నేసినదా, రబ్బరులా ఉండే పీవీసీదా అన్నదే తేలాలి. పీవీసీ అయితే వానలో తుడిస్తే చాలు, రంగులు మాత్రం కొట్టొచ్చినట్టుంటాయి, ఆ పక్షికి అది నప్పదనిపిస్తోంది. ముందు నేసినదానికే రెండు ముక్కలు చెప్తున్నాను, వెనక కొక్కేల వెల్క్రోతో.