ఒక్కో చోట ఒక్కో మనిషి

మన ఆంధ్రా యూనివర్సిటీ ఫిలాసఫీ బ్యాచ్ ఎంత చిన్నదో తెలుసుగా, 2017లో నేను పీహెచ్‌డీ ఎక్కడ చేయాలా అని కొట్టుకుంటుంటే క్యాంటీన్ వాళ్ళతో సహా అందరికీ తెలిసిపోయింది. టాపిక్ ఏంటంటే "మనిషి స్వభావం" అనేవాణ్ణి, ఏం ధైర్యమో! అమ్మైతే "దానికి అంత దూరం ఎందుకురా, పొద్దున్నే మన వీధి కుళాయి కాడ నిల్చో, తెలిసిపోద్ది" అంది.

దీనికంతటికీ కారణం వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో చేతికి తగిలిన ఒక పాత పుస్తకం, 'ది కాన్సెప్ట్ ఆఫ్ మ్యాన్', 1960 నాటిది. ఎడిటర్లు రాధాకృష్ణన్, పి.టి. రాజు. ఒకాయన 1931 నుంచి 36 దాకా మన యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్, రెండో ఆయన ఇక్కడే పాఠాలు చెప్పారు. గ్రీకులు, యూదులు, చైనావాళ్ళు, మనవాళ్ళు మనిషి అంటే ఏమనుకున్నారో నాలుగు పెద్ద వ్యాసాలు. ఇంకేముంది, అయిదోది నేను రాసేస్తాననుకున్నా.

తీరా వెతికితే నాకు ఆ పేరుతో పీహెచ్‌డీ ఎక్కడా దొరకలేదు. న్యూయార్క్‌లో ఫోర్డమ్‌లో 'ఫిలాసఫీ ఆఫ్ హ్యూమన్ నేచర్' అని డిగ్రీ పిల్లలకి కంపల్సరీ పేపరుంది, పీహెచ్‌డీ మాత్రం మామూలు ఫిలాసఫీయే. జెసూట్ల (క్యాథలిక్ ఫాదర్ల) యూనివర్సిటీ కదా, అక్కడ మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్‌ని దాటుకుని పోలేం. బెల్జియంలో లూవెన్‌కి వెళ్తే, అనుభవం నుంచే తత్వం మొదలవ్వాలన్న జర్మన్ ఫిలాసఫర్ హుస్సర్ల్ కాగితాలున్నాయి (1938లో ఒక ఫాదర్ నాజీల చేతికి చిక్కకుండా జర్మనీ నుంచి తరలించినవి, సినిమా కథలా ఉంటుంది), అక్కడ మనిషంటే ముందు అనుభవం. ఐఐటీల వైపు మైండ్, కాగ్నిటివ్ సైన్స్ మాటలే ఎక్కువ. తిరుపతి సంస్కృత విద్యాపీఠంలో పురుషుడు (అంటే ఆత్మ), పంచకోశాలు (దాన్ని కప్పిన అయిదు పొరలు), కానీ అదంతా సంస్కృతంలో, నా సంస్కృతమేమో రామశబ్దం దగ్గరే ఆగిపోయింది. నెలల తరబడి ర్యాంకులు పోల్చుకుంటూ కూర్చున్నా గానీ, ఒక్కో చోట వాళ్ళు చదివే మనిషే వేరని నాకు చాలా లేటుగా వెలిగింది.

ఈలోగా సీట్ల గోల. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2016 రూల్స్ ప్రకారం పీహెచ్‌డీకి ఒక్కో ప్రొఫెసర్ కింద 8 మంది, అసోసియేట్ కింద 6, అసిస్టెంట్ కింద 4, అంతకు మించకూడదు. జేఎన్‌యూలో ఆ దెబ్బకి 2017లో రీసెర్చ్ సీట్లు దారుణంగా పడిపోయాయి, నేను అప్లై చేద్దామనుకున్న ఏడాదే! జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వచ్చింది, అప్పట్లో నెలకి 25,000, డబ్బు ఉంది, గైడ్ లేడు. ఒక చోట, పేరొద్దులెండి, ఇంటర్వ్యూలో నా ప్రపోజల్ మొదటి పేజీ కూడా తిప్పకుండా "ఇది సైకాలజీ కదా బాబూ" అన్నారు. టీ కూడా తాగకుండా బయటికొచ్చేశా.

చివరికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చేరా. ర్యాంక్ చూసి కాదు, అక్కడి ఒక మేడమ్ నా మెయిల్‌కి జవాబిస్తూ "మీ ప్రపోజల్లో నాలుగు థీసిస్‌లున్నాయి, ఏది మీది?" అని అడిగారు, ఒక్క ఖాళీ కూడా ఉందన్నారు. అందుకే జూనియర్లు ఫోన్ చేస్తే చెప్తుంటా, గైడ్ రాసినవి రెండు పేపర్లు చదివి, ఖాళీ ఉందో లేదో కనుక్కుని, ఆ తర్వాతే ఫీజు కట్టండర్రా అని.

నాలుగులో మూడు కొట్టేశాక మిగిలింది తైత్తిరీయ ఉపనిషత్తులో అన్నమయ కోశం ఒక్కటే, ఆ అయిదు పొరల్లో మొదటిది, అంటే తిండి. థీసిస్ పేరులో స్వభావం అన్న మాటే లేదు. అమ్మ మాత్రం కుళాయి దగ్గర ఇప్పటికీ "మావోడు మనుషుల మీద డాక్టరు" అనే చెప్తోంది, పక్కింటావిడ మోకాలి నొప్పికి మందు రాయమని రెండుసార్లు కబురు పెట్టింది.