‘ధర్మాబాద్ మిర్చి’ 16 కాదు, 46

నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి వైపు అడ్తి (కమీషన్) దుకాణాల్లో సరుకు పేరు ఒకరు తెలుగులో కొడతారు, ఇంకొకరు మరాఠీలో. ఆ లాట్ వివరాలను ఇథీరియం బ్లాక్‌చైన్ మీద నడిచే ప్రోగ్రాముకు, అంటే కాంట్రాక్టుకు, పంపే పైథాన్ కోడ్‌కు అసలు పరీక్ష అక్కడే. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేసినన్నాళ్లూ తప్పు బయటపడదు.

ఫంక్షన్ పేరు యాడ్‌లాట్ అనుకుందాం. సరుకు పేరుకు ఒక స్ట్రింగ్ (అక్షరాల వరుస), తూకానికి ఒక యూఇంట్256 (మైనస్ లేని 256 బిట్ల పూర్ణసంఖ్య) తీసుకుంటుంది. కాల్‌డేటాలో, అంటే కాంట్రాక్టుకు పంపే బైట్లలో, మొదటి 4 బైట్లు ఏ ఫంక్షనో చెప్పే సెలెక్టర్: ఫంక్షన్ పేరు, బ్రాకెట్లలో టైపులు కలిపి కెక్కాక్-256 హ్యాష్ (ఏ డేటా నుంచైనా 32 బైట్ల గుర్తు తీసే లెక్క) తీసి, ముందు 4 బైట్లు ఉంచుకోవాలి. టైపుల మధ్య స్పేస్ ఉండొద్దు, యూఇంట్ అని కుదించొద్దు. పైథాన్ లైబ్రరీ హ్యాష్‌లిబ్‌లోని షా3-256 ఇక్కడ పనికిరాదు. 2015లో వచ్చిన ఆ ప్రమాణంలో ప్యాడింగ్ మారింది, ఇథీరియం పాత కెక్కాక్‌తోనే ఉండిపోయింది. సెలెక్టర్ తప్పితే మామూలుగా కాల్ రివర్ట్ (రద్దు) అవుతుంది, కారణం కూడా చెప్పదు. కాంట్రాక్టులో ఫాల్‌బ్యాక్ (ఏ సెలెక్టరూ కలవనప్పుడు నడిచే ఫంక్షన్) ఉంటే ఇంకా చేటు: ట్రాన్సాక్షన్ సక్సెస్ అంటుంది, లాట్ మాత్రం నమోదు కాదు.

తర్వాతదంతా 32 బైట్ల గళ్లే. మొదటి గడిలో స్ట్రింగ్ ఉండదు, అది ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆఫ్‌సెట్ ఉంటుంది. ఇక్కడ అది 64. సెలెక్టర్‌ను లెక్కలో కలపకూడదు, 68 రాస్తే చెడినట్టే. రెండో గడిలో తూకం. మూడో గడిలో స్ట్రింగ్ పొడవు.

ఈ పొడవు దగ్గరే మన లిపి కొంప ముంచుతుంది. ‘ధర్మాబాద్ మిర్చి’కి పైథాన్‌లో పొడవు చెప్పే లెన్ 16 అంటుంది. అది లెక్కించేది కోడ్‌పాయింట్లను: అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, స్పేస్ ఒక్కోటి ఒకటి. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి 3 బైట్లు. 15 మూళ్లు 45, స్పేస్ ఒకటి, మొత్తం 46. పొడవు గడిలో 16 వేస్తే కాంట్రాక్టు రాసిన భాష సాలిడిటీ కిక్కురుమనదు. ‘ధర్మా’ వరకు తీసుకుని, ‘బా’లోని ఒక బైటు ముక్కతో ఆపేస్తుంది. చైన్ మీద అదే మిగులుతుంది. కాబట్టి ముందు ఎన్‌కోడ్ చేసి, ఆ బైట్లకే లెన్ తీయాలి. 46 బైట్లకు రెండు గళ్లు. చివర్లో 18 సున్నా బైట్లు, కుడివైపున. మొత్తం 164 బైట్లు.

తూకానికి ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే టైపు) వాడొద్దు. 19.99 కిలోలను 100తో గుణించి ఇంట్ చేస్తే 1998 వస్తుంది. దశాంశాలను కచ్చితంగా ఉంచే డెసిమల్ టైపుకు స్ట్రింగ్‌గానే ఇవ్వాలి.

ఈథ్-ఏబీఐ లైబ్రరీ ఈ గళ్లన్నీ కడుతుంది, సెలెక్టర్ మాత్రం మనమే ముందు అతికించాలి. కీబోర్డు మధ్యలో దూర్చే కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను అదీ తీయదు. 3 బైట్లు పెరిగి, అదే పేరు వేరే సరుకైపోతుంది. అందుకే కాంట్రాక్టులో లాట్లను వెతికే పట్టికకు, అంటే మ్యాపింగ్‌కు, కీగా లాట్ నంబరే పెట్టండి. పంపే ముందు ట్రాన్సాక్షన్ లేకుండా కాల్‌ను నడిపే ఈథ్-కాల్‌తో ఒకసారి నడిపి చూడండి, దానికి గ్యాస్ (ట్రాన్సాక్షన్ రుసుము) ఖర్చు లేదు.