ఆదివారం: గదిలో పాట, హాల్లో స్పీకర్లు

పాటలన్నీ గదిలోని కంప్యూటర్‌లో, మంచి స్పీకర్లేమో హాల్లో పాత లాప్‌టాప్‌కి. లాప్‌టాప్‌లో పల్స్‌ఆడియో, గదిలో పైప్‌వైర్, రెండూ లినక్స్‌లో శబ్దాన్ని నడిపే ప్రోగ్రాములే. ఈ రెండింటికీ పొత్తు బాగానే కుదురుతుంది, గదిలోని పాటని ఇంటి నెట్‌వర్క్ మీదుగా హాల్ స్పీకర్లకి పంపొచ్చు.

హాల్ వైపు పల్స్‌ఆడియోలో, నెట్‌వర్క్ నుంచి పాట అందుకునే నేటివ్ ప్రోటోకాల్ టీసీపీ మాడ్యూల్ లోడ్ చేస్తే 4713 పోర్టు తెరుచుకుంటుంది. ఐపీ అనుమతి జాబితాలో 192.168.1.0/24 లాంటి ఇంటి నెట్‌వర్క్ పరిధి ఇస్తే చాలు. అనానిమస్ (ఎవరైనా రావొచ్చు) అని వదిలేయడం సులువే గానీ, ఆ దారిన వచ్చినవాళ్లకి స్పీకర్లతో పాటు లాప్‌టాప్ మైకు కూడా దొరుకుతుంది. ఇది చాలామందికి తట్టదు.

గది వైపు టనెల్ సింక్, అంటే పాటని అవతలి కంప్యూటర్‌కి పంపే అవుట్‌పుట్, పెట్టుకోవాలి. హాల్ స్పీకర్లు మామూలు అవుట్‌పుట్‌లాగే కనిపిస్తాయి, పాట నడుస్తుండగానే అటు మళ్లించొచ్చు. కలవకపోతే ఎర్రర్ చూస్తే చాలు: కనెక్షన్ రిఫ్యూజ్డ్ అంటే అవతల మాడ్యూల్ లోడ్ కాలేదు, యాక్సెస్ డినైడ్ అంటే అనుమతి జాబితాలో తేడా, ఉలుకూ పలుకూ లేకపోతే ఫైర్‌వాల్.

అసలు తంటా వైఫైతోనే. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అంటే సెకనుకు 1536 కిలోబిట్లు. అదేమంత బరువు కాదు. అయినా పాట తెగుతుంది. లాప్‌టాప్ వైఫై కరెంటు ఆదా కోసం మధ్యమధ్య కునుకు తీస్తుంది, ప్యాకెట్లు రౌటర్ దగ్గర ఆగి గుంపుగా వస్తాయి. వాటిని లేపే రౌటర్ పిలుపు (బీకన్) సాధారణంగా 102 మిల్లీసెకన్లకోసారి వస్తుంది, బఫర్ (ముందే పోగేసుకున్న పాట) అంతకన్నా చిన్నదైతే గండి పడ్డట్టే. పవర్ సేవ్ ఆపేసి, లేటెన్సీ (పాట ఆలస్యం) 200 మిల్లీసెకన్లు పెడితే కుదుటపడుతుంది. సినిమాకి ఇబ్బంది లేదు, మంచి ప్లేయర్లు ఆ ఆలస్యాన్ని లెక్కేసి బొమ్మని కూడా అంతే ఆలస్యం చేస్తాయి. ఆటలకి మాత్రం పనికిరాదు.

ఆర్‌టీపీ మల్టీకాస్ట్ (ఒకే పాటని నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి పంపే పద్ధతి) జోలికి వైఫై మీద వెళ్లకపోవడమే మేలు. మల్టీకాస్ట్‌ని రౌటర్ తన కనీస వేగంతో పంపుతుంది, పోయిన ప్యాకెట్ మళ్లీ పంపదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ వేగం చాలాచోట్ల 1 మెగాబిట్టే, ఒకటిన్నర మెగాబిట్ల పాట అందులో ఎలా పడుతుంది? ఇల్లంతా నెట్ కూడా నత్తనడక పడుతుంది. రెండు గదుల్లో ఒకేసారి మోగాలంటే స్నాప్‌కాస్ట్ అనే ప్రోగ్రాం నయం. సౌండ్ కార్డుల గడియారాలు పది లక్షలకు 50 వంతులు తేడాగా నడిచినా గంటకు 180 మిల్లీసెకన్లు జారతాయి, ఆ తేడాని స్నాప్‌కాస్టే సర్దుతూ పోతుంది.

టెర్మినల్‌లో లోడ్ చేసిన మాడ్యూల్ రీబూట్‌తో పోతుంది కాబట్టి ఆ లైను డీఫాల్ట్ కాన్ఫిగ్ ఫైల్లోకి ఎక్కించాలి. పైగా పల్స్‌ఆడియో యూజర్ సెషన్‌లో నడుస్తుంది. లాప్‌టాప్‌లో ఎవరూ లాగిన్ కాకపోయినా మోగాలంటే ఆ యూజర్‌కి లింగర్ అనే సెట్టింగ్ ఆన్ చేసి, ఆడియో గ్రూపులో చేర్చాలి.